అమ్మకు ఎముకలు గుల్లబారాయి, కాల్షియం బిళ్లలు వాడితే సరిపోతుందా?

మీ అమ్మగారికి ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టీ స్కోరు మైనస్ 2.8 (అంటే ఎముకలు గుల్లబారినట్టే) వచ్చిందని, రోజుకు రెండు కాల్షియం బిళ్లలు వేసుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మా అమ్మ పెరట్లో జారిపడి మణికట్టు విరిగినప్పుడు నేనూ మీలాగే అనుకున్నాను.

అమ్మ పరగడుపున వేసుకునే థైరాయిడ్ బిళ్లతోపాటే కాల్షియం కూడా మింగేసేది, ఒక పని అయిపోతుందని. మూడు నెలలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తపరీక్షలో పెరిగి కనిపించేది) పెరిగింది. డాక్టరు మోతాదు పెంచబోయి, ఎందుకో ఆగి, "ఏది ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. కాల్షియం ఆ మందును ఒంటబట్టనివ్వదట. రెండింటికీ నాలుగు గంటల ఎడం పెట్టాక, మోతాదు మార్చకుండానే టీఎస్‌హెచ్ దారికి వచ్చింది.

స్ట్రిప్పు మీద 1250 అని చూసి మురిసిపోకండి. అది కాల్షియం కార్బొనేట్ అనే లవణం మొత్తం బరువు. అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. ఒక్కసారికి అంతకు మించితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. అందుకే రెండూ కలిపి వేసుకోకూడదు, భోజనం కాగానే ఒక్కొక్కటి. గ్యాస్ బిళ్ల రోజూ వాడేవారైతే కాల్షియం సిట్రేట్ రకం గురించి అడగండి, దానికి కడుపులో ఆమ్లంతో పని లేదు. నెలసరి ఆగిన స్త్రీలకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క రోజుకు 1200 మిల్లీగ్రాములు, తిండితో కలిపి. అమ్మ రాగి జావ, పెరుగు మానదు కాబట్టి మా డాక్టరు ఒక్క బిళ్లతో సరిపెట్టారు.

విటమిన్ డి పొట్లాలతో జాగ్రత్త. 60,000 యూనిట్ల పొడి వారానికి ఒకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. మా పిన్ని రోజూ పాలలో కలుపుకొని తాగింది. రెండు నెలలకు వాంతులు, మలబద్ధకం, తీరని దాహం. రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

ఇవన్నీ ఉన్నా, ఎముక అరుగుదలను ఆపే మందు వేరే. అమ్మకు అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు, వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దున్న, గ్లాసు నిండా మంచినీళ్లతో. తర్వాత అరగంట నడుం వాల్చకూడదు, కాఫీ తాగకూడదు. అమ్మ వరండాలో పేపరు పట్టుకుని ఐదు నిమిషాలకోసారి టైమెంతని అడుగుతుంది. ఆ రోజు థైరాయిడ్ బిళ్ల కూడా అరగంట ఆగాకే.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లోని స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. మేము తీసుకెళ్లినవాటిలో వేర్వేరు పేర్లతో ఉన్న రెండూ ఒకే కాల్షియం.