ఓబీ దిబ్బ మీద పచ్చదనం కొలవబోయే మేనకోడలికి

తార్నాక, హైదరాబాద్.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొత్తగూడెం వైపు ఓపెన్‌కాస్ట్ గని ఓబీ దిబ్బల (బొగ్గు కోసం తవ్వి పోసిన పైమట్టి, రాళ్ల గుట్టల) మీద మొక్కలు ఎంతమేర నేలను కప్పాయో తేల్చే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. హైదరాబాదులో కూర్చుని ఉపగ్రహ చిత్రాలతోనే ముగించకూడదా అని అడిగావు కనుక ముందు ఆ సంగతే రాస్తాను.

చిత్రాలు తప్పక వాడు. అయితే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో అతి చిన్న గడి (పిక్సెల్) కూడా 10 మీటర్లు. చిత్రం నుంచి పచ్చదనాన్ని లెక్కకట్టే ఎన్‌డీవీఐ అంకె పచ్చదనం ఉందని చెబుతుందే గాని, అది ఏ మొక్కదో చెప్పదు. ఏప్రిల్ చిత్రం తీసుకుంటే సహజమైన టేకు అడవి ఆకు రాల్చి మోడుగా కనిపిస్తుంది, పక్కనే జామాయిల్, సర్కారు తుమ్మ పెరిగిన దిబ్బ పచ్చగా ఉంటుంది. అంకెలను నమ్మితే దిబ్బే అడవిని మించిపోయిందని రాయవలసి వస్తుంది. సెప్టెంబరులోనైతే వయ్యారిభామ మొలిచిన బంజరు కూడా పచ్చగానే ఉంటుంది. అందుకే వానలు వెనకబట్టాక, గడ్డి ఎండకముందు, దిబ్బనూ దానితో పోల్చదలచిన అడవి ముక్కనూ ఒకే వారంలో కొలువు.

నేల మీద కొలతకు పాయింట్ పద్ధతిని మించినది నాకు కనబడలేదు. 50 మీటర్ల టేపు బిగువుగా పరిచి, ప్రతి అర మీటరుకూ సన్నని ఇనుప చువ్వను నిలువుగా దించి, దాని మొన ముందుగా దేనికి తగిలిందో రాయాలి: ఏ మొక్క, రాలిన ఆకు, రాయి, లేక వట్టి మట్టి. వంద పాయింట్లలో అరవై మొక్కకు తగిలితే కప్పు, అంటే మొక్కలు కప్పిన నేల, 60 శాతం. చువ్వ లావుదైతే తగలనిది కూడా తగిలినట్టే కనబడి శాతం పెరుగుతుంది. గాలికి గడ్డి ఊగుతుంది కనుక పొద్దున్నే మొదలుపెట్టు. రాలిన ఆకును పచ్చని మొక్కతో కలపకుండా వేరే గడిలో రాయి. జామాయిల్ కింద ఆకు దండిగా ఉండి, గడ్డిపరక లేకపోవడం తరచూ చూస్తాం, ఆ తేడా నివేదికలో కనబడాలి.

టేపు ఎక్కడ వేయాలో దిబ్బ ఎక్కాక నిర్ణయించకు. ఎవరైనా తాము బాగా పెంచిన చోటే ముందు చూపిస్తారు, అది సహజం. కనుక దిబ్బ పైతలాన్నీ వాలునూ విడదీసి, నాటిన సంవత్సరాన్ని బట్టి మళ్లీ విభజించి, బయలుదేరే ముందే కంప్యూటరుతో యాదృచ్ఛికంగా పాయింట్లు ఎంచి జీపీఎస్‌లో పెట్టుకో. పాయింటు వాన కోసిన గాడిలో పడినా పక్కకు జరపవద్దు. ఆ గాడి కూడా దిబ్బలో భాగమే.

అమెరికాలో ఉపరితల గనులపై 1977లో చేసిన చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం కప్పు ఆమోదించిన ప్రమాణంలో 90 శాతానికి తగ్గకూడదు. వాన తక్కువ పడే ప్రాంతాల్లో ఆ మొక్కలను నిలబెట్టే గని యజమాని బాధ్యత పదేళ్లు కొనసాగుతుంది. మన నేలకు ఆ అంకెను అలాగే దించుకోమనను గాని, పోల్చే అడవి లేకుండా శాతం ఒక్కటే రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఎన్ని టేపులు చాలునో ఇప్పుడే చెప్పలేను. మొదట పది వేసి, వాటి అంకెలు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయో చూడాలి. సగటు కట్టకుండా ఆ కాగితాలు ఫోటో తీసి పంపు, ఎన్ని కావాలో కలిసి లెక్క వేద్దాం.

మీ మామయ్య