‘ఇప్పుడేం చేయాలి?’ అని అడిగే భర్త

ప్రశ్న: మాకు పెళ్లయి ఆరేళ్లు. మావారు నెమ్మదస్తులు, ఉద్యోగంలో మంచి పేరుంది. కానీ నలుగురిలో గంట కూర్చుంటే నీరసపడిపోతారు. ముందు అనుకున్న పని చివర్లో మారితే రోజంతా చిరాకే. నేను ఏడుస్తుంటే ఓదార్చరు, ఎదురుగా నిలబడి ‘ఇప్పుడేం చేయాలి?’ అంటారు. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఆటిజం టెస్ట్ చేయిస్తే 50కి 29 వచ్చింది. ఆయనకు ఆటిజమేనా? డాక్టరుకు చూపించాలా?

జవాబు: ముందు ఆ మార్కుల టెన్షన్ పక్కన పెట్టండి. మీరు చేయించింది బహుశా 2001లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తయారుచేసిన 50 ప్రశ్నల పత్రం అయివుంటుంది. అందులో సాధారణ జనానికి సగటున 16 చిల్లర వచ్చింది. 32, ఆపైన వస్తే ఇంకాస్త లోతుగా చూడాలన్నారు. మీవారిది ఆ రెంటికీ మధ్య. అయినా ఆ పత్రంతో రోగనిర్ధారణ చేయరు. బిడియం ఎక్కువున్నా, ఆందోళన ఉన్నా మార్కులు పెరగొచ్చు.

ఆటిజం లక్షణాలు కొద్దికొద్దిగా చాలామందిలో ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. ఆటిజం అని తేల్చాలంటే అవి చిన్నప్పటి నుంచీ ఉండాలి, బతుకు సాగడానికి గట్టిగానే అడ్డుపడుతూ ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి ఉందనీ లేదనీ నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా.

నన్ను ఆపింది ఆ ‘ఇప్పుడేం చేయాలి?’ అన్న మాట. మీకది రాయిలా తగిలింది. నాకు మాత్రం అందులో మీ బాధ పట్టని మనిషి కనిపించలేదు. పట్టనివాడైతే టీవీ ముందు నుంచి లేవడు. ఏం చేయాలో తోచక, తెలిసిన ఒక్కరినీ, అంటే మిమ్మల్నే అడుగుతున్నారు. చెప్పేయండి. ‘పక్కన కూర్చోండి, సలహా వద్దు, చేయి పట్టుకోండి చాలు’ అనండి. అడిగి చేయించుకుంటే ఏం విలువ అనిపిస్తుంది, తెలుసు. ముఖం చూసి కనిపెట్టడం కొందరికి నిజంగానే కష్టం. మూతి ముడుచుకుని ఎదురుచూస్తే ఇద్దరికీ శిక్షే.

ఫంక్షన్లకు వెళ్లేముందు ఎంతసేపు ఉండాలో ఇద్దరూ అనుకోండి. మధ్యలో ఆయన కాసేపు బయటికి వెళ్తే మొహం చాటేశారనుకోవద్దు. ప్లాన్ మారితే తెలిసిన వెంటనే చెప్పండి.

అలాగని సర్దుబాటంతా మీ నెత్తినే వేసుకోకండి. మీకు ఒంటరిగా ఉందని ఆయనకు నేరుగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పండి. వారంలో ఫలానా గంట మీది అని రాసిపెట్టుకుంటే ఇలాంటివారు తూచా తప్పకుండా పాటిస్తారు, చాలామంది దంపతుల్లో చూశాను.

నిద్ర చెడినా, ఉద్యోగం దెబ్బతింటున్నా, దిగులు వదలకపోయినా సైకియాట్రిస్ట్‌నో క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలవండి. తన గురించి తెలుసుకోవాలని ఆయనకే అనిపిస్తే అదీ చాలు. ‘మీకేదో ఉంది’ అని లాక్కెళ్లొద్దు. వెళ్లేటప్పుడు ఆయన బాల్యం గుర్తున్న పెద్దవాళ్లెవరినైనా తోడు తీసుకెళ్లండి, అక్కడ ఆ సంగతులు చాలా అడుగుతారు.