ఈత రాదు, అండమాన్‌లో స్కూబా (గాలి సిలిండర్‌తో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగున తిరగడం) చేయొచ్చా? శ్రీకాకుళం తిరిగొచ్చే రోజు పొద్దున పెట్టుకోవచ్చా?

ఈత రాకపోయినా చేయొచ్చు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో, కొత్తవాళ్లను ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే తిప్పుతారు. కళింగపట్నం బీచ్‌లో మోకాళ్ల లోతు దాటని నేనే దిగొచ్చాను.

ఫ్లైట్ ఎక్కే రోజు మాత్రం వద్దు. నీటి ఒత్తిడికి, పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. విమానంలో ఒత్తిడి తగ్గగానే, గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు, బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. అందుకే ట్రిప్ మొదట్లోనే పెట్టుకోండి.

అసలు టెన్షన్ చెవులతోనే. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. నాకు రెండు మీటర్లకే చెవుల్లో పోట్లు మొదలయ్యాయి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే టప్‌మని తెరుచుకున్నాయి. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, దిగుతూనే అలా చేస్తుండాలి. తగ్గకపోతే సైగ చేసి కాస్త పైకి రండి, బలంగా ఊదొద్దు. జలుబుంటే కట్టిన డబ్బు పోయినా సరే, మానేయండి.

ఇంకొకటి, ఊపిరి బిగబట్టొద్దు. చెరువులో మునకేసే మన అలవాటుకు ఇది పూర్తిగా రివర్స్. పైకి వస్తున్నకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. బయటికి వదలకపోతే అవి చిరిగిపోవచ్చు.

ముందు ఒక ఫారం నింపిస్తారు. ఆస్తమా, గుండె జబ్బు ఉంటే దాచకండి. మా బ్యాచ్‌లో ఒకాయన అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టి, పడవెక్కాక జేబులోంచి ఇన్‌హేలర్ తీశాడు!