పనికొచ్చేదేనా?

విజయనగరం గంటస్తంభం దగ్గర ఇరవై రెండేళ్లు డీటీపీ షాపు నడిపి, పోయినేడు షట్టరు దించేశాను. శుభలేఖలు, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ కరపత్రాలు, కాలేజీ పిల్లల రికార్డులు ఎన్ని చేశానో లెక్కలేదు. షాపు వదిలినా పాత రోగం వదల్లేదు. కొత్త వస్తువు ఏది కనబడ్డా తెచ్చి పనిలో పెట్టి చూడాల్సిందే. మూడు వారాలు గడువు. ఆలోగా చెయ్యి దానంతట అదే ఆ వస్తువు వైపు పోతే బల్ల మీద ఉంటుంది, లేకపోతే మంచం కింద ట్రంకుపెట్టెలోకి పోతుంది. ఆ పెట్టె ఇప్పుడు మూత పడటం లేదు. ఈ నెల ఉత్తరాలు చూద్దాం.

*

కథలు రాసుకున్న నోటుపుస్తకాలు ముప్ఫై దాకా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో పెట్టుకోవాలని ఆశ. టైపు చేద్దామంటే వేళ్లు సాగవు. మనవడు ఫోన్లో మైకు బొమ్మ చూపించి 'తాతా, నువ్వు చెప్పు, అదే రాసుకుంటాది' అన్నాడు. చెప్తే అది ఇంకేదో రాస్తోంది. నా నోరు తప్పా, దాని చెవి తప్పా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

చెవే తప్పు మాస్టారూ. మీ ఉత్తరం చూశాక నేనూ ఒక పూట కూర్చున్నాను. మా అమ్మ మాట్లాడే మాట ఒకటి తీసుకుని ఫోనుకి చెప్పాను: "నానెల్లొస్తానప్పా, గుంటడేడుస్తన్నాడు." ఫోను రాసింది: "నేను వెళ్ళి వస్తాను అప్ప గుంటూరు ఏడుస్తున్నాడు." మా గుంటణ్ణి, అంటే పిల్లాణ్ణి, తీసుకుపోయి గుంటూరు చేసేసింది! రెండోసారి నెమ్మదిగా, ఒక్కో మాట విడగొట్టి చెప్పాను. ఈసారి గుంటడు పోయి "గుంట" మిగిలింది. మూడోసారి విసుగొచ్చి గట్టిగా అరిస్తే, పక్కింటావిడ ఏటైనాదని గోడ మీంచి తొంగిచూసింది.

ఎందుకలాగంటే, ఆ యంత్రానికి నేర్పిన తెలుగులో ఎక్కువ భాగం వార్తలు చదివే తెలుగు. విన్న శబ్దానికి తనకు బాగా తెలిసిన మాటల్లో దగ్గరిదాన్ని తెచ్చి అతికిస్తుంది. సిక్కోలు మాట దానికి తెలియదు, గుంటూరు తెలుసు. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మీ జిల్లా పర్వతాలపేటలోనే కదా, 1863లో. జనం నోట ఉన్న భాష పుస్తకంలోకి రావాలని ఆయన జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని జరుపుకుంటూనే మన ఫోన్లకి మాత్రం మన యాస నేర్పలేదు.

అలాగని మైకుని పూర్తిగా ఒగ్గేయకండి. మీ కథల్లో కథ చెప్పే భాగం మామూలు తెలుగులోనే ఉంటుందిగా, దాన్ని మైకుకి చెప్పండి. నాలుగైదు వాక్యాలకొకసారి ఆగి చదువుకోండి. పేజీ అంతా చెప్పేసి చివర్లో చూస్తే ఏం చెప్పామో మనకే గుర్తుండదు. పాత్రల మాటలు వచ్చినచోట చుక్కలు పెట్టి వదిలేసి, తరవాత చేత్తో కొట్టుకోండి. ఆ మాటలే మీ కథకి ప్రాణం. వాటిని యంత్రం చేతిలో పెట్టొద్దు.

చేత్తో కొట్టడానికి ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసే పద్ధతి తొందరగా వస్తుంది. కానీ 'ళ'కి ఏది, 'ణ'కి ఏది అని ప్రతిసారీ తడుముకోవాలి. మీకు ఓపికుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోండి. కంప్యూటర్లో విడిగా కొనక్కర్లేదు, భాషల సెట్టింగులో తెలుగు కలుపుకుంటే చాలు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. షిఫ్టు పట్టి 'డి' కొడితే అ. 'సి' కొడితే మ. ఒట్టి 'డి' కొడితే పొల్లు. మళ్లీ 'సి'. అమ్మ అని వచ్చేసింది చూడండి. మన ఎక్కాల్లాగే మొదటి వారం చిరాకు, రెండో వారం పరవాలేదు, మూడో వారానికి వేళ్లకి కళ్లొస్తాయి. ఇచ్ఛాపురం వైపు ఒడియా రాసేవాళ్లకీ ఇదే అమరిక. 'క' మీట తెలుగుకీ, ఒడియాకీ, హిందీకీ ఒకటే.

నోటుపుస్తకాల పేజీలు ఫొటో తీసి అక్షరాలుగా మార్చే సదుపాయం గురించి మీ మనవడు చెప్పే ఉంటాడు. అచ్చు పుస్తకానికది బాగానే పనిచేస్తుంది. చేతిరాతకి నమ్ముకోవద్దు. ముప్ఫై పుస్తకాల ఫొటోలు మాత్రం ఈ వారమే తీయించి రెండుచోట్ల దాచుకోండి. చెదలు మీ టైపింగు అయ్యేదాకా ఆగవు.

*

బాబాయ్, తెల్లారి కళింగపట్నం ఒడ్డున పడవలొచ్చేటప్పుడు వీడియోలు తీసి పెడుతున్నాను. గాలి హోరులో నా మాట వినబడ్డం లేదు. వైర్లెస్ మైకు కొనమంటున్నారు. కొననా?
— డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

ఇప్పుడే కొనకమ్మా. వైరు లేకపోవడానికీ గాలికీ సంబంధం లేదు. గాలి వచ్చి మైకు మీద నేరుగా కొడుతోంది, ఆ హోరు అదే. రికార్డయ్యాక కంప్యూటర్లో తీసేద్దామంటే నీ గొంతు కూడా దాంతో పోతుంది. అందుకే గాలి లోపలికి రాకుండా ముందే ఆపాలి. మైకు మీద తొడిగే స్పాంజి కొంత ఆపుతుంది. బొచ్చుతొడుగు ఇంకా బాగా ఆపుతుంది.

నేను ఇవన్నీ పూసపాటిరేగ దగ్గర చింతపల్లి బీచిలో చూశాను. ఒట్టి ఫోను: హోరు తప్ప ఏమీ లేదు. కాలరుకి పెట్టుకునే వైరు మైకు, స్పాంజి తొడుగుతో: మాట వినబడింది, వెనక హోరు ఉంది. అదే మైకుకి బొచ్చుతొడుగు, నేను సముద్రానికి ఎదురుగా కాకుండా గాలికి వీపు పెట్టి నిలబడ్డాను: బెస్తవాళ్లు వెనక వల లాగుతూ పాడుకుంటున్నది కూడా వినబడింది. ఖరీదైన వైర్లెస్ మైకు, తొడుగు లేకుండా: ఒట్టి ఫోను కంటే పిసరంత నయం. అది ఇప్పుడు ట్రంకుపెట్టెలో ఉంది.

కొనేటప్పుడు ఒకటి చూసుకో. మైకు జాక్ మీద నల్లగీతలు లెక్కపెట్టు. మూడుంటే ఫోనుకి, రెండుంటే కెమెరాకి. తెలియక రెండు గీతలది కొని, ఫోనులో గుచ్చి, మైకు పాడైందని షాపువాడితో పోట్లాడి వచ్చినవాణ్ణి నేనే. నీ ఫోనుకి గుండ్రటి రంధ్రం లేకపోతే టైప్-సి మైకే అడుగు.

ఇంట్లో పాత ఫోను ఉంటే ఇంకా మంచిది. మైకుని దానికి పెట్టి జేబులో వేసుకో, వీడియో కొత్తదాంతో తీయి. మొదలెట్టేముందు కెమెరాకి కనబడేలా ఒకసారి చప్పట్లు కొట్టు. తరవాత ఎడిటింగులో ఆ చప్పట్ల చప్పుడునీ చేతులు కలిసిన బొమ్మనీ ఒకచోట చేర్చితే మాటా పెదవీ కలిసిపోతాయి.

*

మా ప్రెస్సులో 'అను' ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు వందలున్నాయి. ఇంటర్నెట్‌లో పెడితే ఇంగ్లిషు పిచ్చిగీతల్లా వస్తున్నాయి. దారి ఉందా?
— బొబ్బిలి ప్రెస్సు యజమాని

సోదరా, ఈ బాధ నాకు వెన్నతో పెట్టినది. మనం ఇన్నాళ్లూ ఆ ఫాంట్లతో రాసింది, కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టాం, పగటివేషం లాగ. ఫాంటు తీసేస్తే వేషం ఊడిపోతుంది, లోపలి ఇంగ్లిషు బయటపడుతుంది. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు, తెలుగుకి తన సొంత గదులున్నాయి. 'అ' ఎక్కడికెళ్లినా 'అ'యే.

ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడుకోండి. కానీ అవి వదిలిన ముక్కను మీ కళ్లతో చదవకుండా అచ్చుకి పంపొద్దు. ఒక దసరాకి నేను పంపాను. వత్తులు రాలిపోయాయి. "పైడితలి అమవారి సిరిమానోతవం" అని వెయ్యి కరపత్రాలు! దాత పెద్దమనిషి, ఏమీ అనలేదు. ఒక కాగితం తీసుకుని మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరవాత మా షాపుకి రాలేదు. రాత్రికి రాత్రి మళ్లీ వెయ్యి కొట్టించి గుడి దగ్గర పంచాను, నా డబ్బుతో.

అన్ని ఫైళ్లూ మార్చాలని పెట్టుకోకండి. మళ్లీ ఎవరైనా అడిగేవి ఏవో మీకు తెలుసు, అవే మార్చండి. పాతవి అలాగే ఉంచి, ఫాంటు ఫైలుని కూడా పక్కనే దాచండి. కొత్త పనికి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. వాటిలో గిడుగు పేరుతో ఒకటి, గురజాడ పేరుతో ఒకటి ఉన్నాయి. మన రెండు జిల్లాలకీ చెరొకటి వచ్చినట్టే.

*

సంతలో 1 టీబీ మెమరీ కార్డు 350 రూపాయలు. తీసుకోవచ్చా?
— పార్వతీపురం

వద్దు. లోపల ఏ 16 జీబీయో పెట్టి, 1 టీబీ అని చూపించేలా చేస్తారు. నిండాక పాతవాటి మీదే రాసుకుంటూ పోతుంది, పెళ్లి వీడియో తెరిచాక తెలుస్తుంది. ఎక్కడ కొన్నా మొదట పూర్తిగా నింపి, తిరిగి చదివించి చూడాలి. కంప్యూటర్లో దానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది.

*

ఇంట్లోంచి పని చేస్తాను. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొన్నాను. నా ఫోను 5,000. నాలుగుసార్లు నిండాలి కదా, మూడోసారికి చతికిలబడుతోంది. మోసపోయానా? తుపాను రోజులకి ఇంకేం ఉంచుకోవాలి?
— వజ్రపుకొత్తూరు

మోసం కాదు, లెక్క అంతే. ఆ 20,000 లోపలి బ్యాటరీది, 3.7 వోల్టుల దగ్గర. బయటికొచ్చేది 5 వోల్టుల దగ్గర, దానికితోడు దారిలో కొంత వేడిగా పోతుంది. డబ్బా మీద సన్నక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఇంకో అంకె ఉంటుంది, అదే మీకు దక్కేది. ఇరవై వేలదానికి రెండుసార్లు నిండి మూడోసారి మధ్యలో ఆగిందంటే మంచి సరుకే. వెనకాల ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల బీఐఎస్ గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో చూసుకోండి.

మీ ఊరికి తుపాను గురించి నేను చెప్పేదేముంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అత్తవారింట్లో ఉన్నాను, మందస వైపు. కొబ్బరి, జీడి చెట్లన్నీ నేలమట్టం. కరెంటు రోజుల తరబడి లేదు. ఊళ్లో ఒక్క జనరేటరు, దాని చుట్టూ పిల్లిపిల్లల్లా ఫోన్లు. ఫోనుకి ఇరవై రూపాయలు. నా దగ్గర పవర్ బ్యాంకు ఉంది, నిండుగా. కేబులు విజయనగరంలో ఉంది! అప్పటినుంచి కేబులు రబ్బరు బ్యాండుతో పవర్ బ్యాంకుకే కట్టి ఉంచుతాను. బల్ల మీద ఇన్నేళ్లుగా ఉన్న పనిముట్టు ఏదంటే ఆ రబ్బరు బ్యాండే.

మామూలు కరెంటు కోతలకి రౌటరుకి చిన్న యూపీఎస్ పెట్టుకోండి. రౌటరు అడుగున స్టిక్కరు మీద 12 వోల్టులో 9 వోల్టులో రాసి ఉంటుంది, ఎన్ని ఆంపియర్లో కూడా. రెండూ చూసి కొనాలి. లాప్‌టాపు కూడా పవర్ బ్యాంకుతో నింపాలంటే టైప్-సి 'పవర్ డెలివరీ' ఉండాలి, మీ ఛార్జరు ఎన్ని వాట్లో దానికి దగ్గరగా ఇచ్చేది కావాలి. తుపాను నాడు ఇంటర్నెట్ మీద ఆశ పెట్టుకోకుండా ఎస్సెమ్మెస్ పంపండి, పలచటి సిగ్నల్లోనూ చాలాసార్లు వెళ్తుంది. ఇంగ్లిషు అక్షరాల్లో అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, తెలుగులో 70 మాత్రమే. తెలుగులో గుణింతాలూ పొల్లులూ కూడా లెక్కలోకే వస్తాయి. 'అందరం బాగున్నాం' అనడానికి అంత చాలు.

*

మన ప్రాంతం పండగల మీద వారానికొకటి రాస్తుంటాను. టైము చాలడం లేదు. ఏఐతో రాయించుకుంటే తప్పా?
— రాజాం

తప్పొప్పులు నన్నడక్కండి, ఫలితం చెప్తాను. ఒకదాన్ని పట్టుకుని మన సిరిమానోత్సవం గురించి పది వాక్యాలు రాయమన్నాను. చక్కటి తెలుగు, ఒక్క అచ్చుతప్పు లేదు. సంక్రాంతికి జరుగుతుందని రాసింది! దసరా తరవాత మంగళవారమని విజయనగరంలో పాలుతాగే పిల్లాడు చెప్తాడు. తప్పని చెప్తే వెంటనే క్షమాపణ చెప్పి, ఈసారి ఉగాది అంది.

మీరు రాసిందాన్ని అచ్చుతప్పులు చూడమనండి, పది శీర్షికలు అడిగి అందులో ఒకటి బాగుంటే తీసుకోండి. తారీకులు, ఊళ్లు, ఆచారాలు దాన్ని అడక్కండి. వారానికొకటి కుదరకపోతే నెలకొకటి రాయండి, చదివేవాళ్లెవరూ కొరడా పట్టుకుని కూర్చోలేదు.

*

మీ ట్రంకుపెట్టెలో సరుకు అమ్ముతారా?
— చీపురుపల్లి

వచ్చి చూసుకోండి, అమ్మడమేంటి, ఊరికే పట్టుకెళ్లండి. వైర్లెస్ మైకు ఉంది, తెర మీద రాసే పెన్ను ఉంది, మడత కీబోర్డు ఉంది. దాంట్లో 'స' మీట పడదు, మిగతావన్నీ బాగానే పడతాయి. ఫోను పెట్టుకునే మూడుకాళ్ల స్టాండు మాత్రం అడక్కండి. మా ఆవిడ దాన్ని పెరట్లోకి పట్టుకెళ్లి దొండపాదు ఎక్కించింది. ఇప్పుడిప్పుడే పిందెలు దిగుతున్నాయి.