జనవరి అటెంప్ట్ వదిలేస్తే నా పని అయిపోయినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 25 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. విజయవాడ హాస్టల్లో ఉండి సీఏ ఫైనల్‌కు చదువుతున్నాను. ఆర్టికల్‌షిప్ (ఆడిట్ ఆఫీసులో చేసే శిక్షణ) అయిపోయింది. మే నెలలో రెండు గ్రూపులూ రాస్తే రెండూ పోయాయి. సెప్టెంబరులో మొదటి గ్రూపు ఒక్కటే రాశాను. ఎఫ్ఆర్‌లో (ఫైనాన్షియల్ రిపోర్టింగ్) 38, ఏఎఫ్ఎంలో (అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్) 61, ఆడిట్‌లో 44 వచ్చాయి. మళ్లీ ఫెయిల్. జనవరికి ఫారం నింపేశాను. మే రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున నాలుగున్నరకు లేచి రాత్రి పన్నెండున్నర దాకా చదువుతున్నాను. నా టైమ్‌టేబుల్ జత చేస్తున్నాను. అయినా ఏమీ ఎక్కడం లేదు. ఆదాయాన్ని ఎలా లెక్కగట్టాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 115లో ఐదు స్టెప్పులు ఆర్టికల్‌షిప్‌లో జూనియర్లకు నేనే చెప్పేదాన్ని. మొన్న మూడోది ఎంతకీ గుర్తు రాలేదు. పుస్తకం మూసేసి ఏడ్చాను. దీపావళికి ఇంటికి వెళ్తే అక్క పాపను ఎత్తుకోవాలని కూడా అనిపించలేదు. అప్పటికింకా రిజల్ట్స్ రాలేదు. కొన్ని రాత్రులు, పొద్దున మెలకువ రాకపోతే బాగుణ్ణు అనిపిస్తోంది. నాన్నకు కిరాణా కొట్టు. రోజూ రాత్రి కొట్టు కట్టేశాక ఫోన్ చేసి ‘ఎంతవరకు వచ్చిందమ్మా?’ అని అడుగుతారు. ‘బాగానే అవుతోంది నాన్నా’ అంటాను. నాది బద్ధకమా? బుర్ర మొద్దుబారిపోయిందా? జనవరి వదిలేస్తే నా పని అయిపోయినట్టేనా?

— ఓ పాఠకురాలు

జవాబు: తల్లీ, నీ చివరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. జనవరి వదిలెయ్. నీ పని అయిపోలేదు. ఎందుకో వివరంగా రాస్తాను గానీ, అంతకన్నా ముందు మాట్లాడుకోవాల్సింది ఇంకొకటి ఉంది.

పొద్దున మెలకువ రాకపోతే బాగుణ్ణు అన్న మాట నువ్వు ఒక్క వాక్యంలో రాసి, వెంటనే నాన్న కొట్టు సంగతిలోకి వెళ్లిపోయావు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పినట్టు లేదు. ఈ రోజే అమ్మకో అక్కకో చెప్పు. ఎలా చెప్పాలో తోచకపోతే ఈ పేజీ ఫొటో తీసి పంపు. కొన్నాళ్లు హాస్టల్ గదిలో ఒంటరిగా ఉండకు, ఇంటికి వెళ్లు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిపడినా, అది ఎలా అన్నదాకా మనసు వెళ్లినా క్షణం కూడా ఆగకుండా పక్కవాళ్లను పిలువు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లమను. అర్ధరాత్రయినా సరే 14416కు ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ అది. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించుకో. మీ ఊరికి గుంటూరు దగ్గరే. అక్కడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, చదివి చదివి అలిసిపోయిన వాళ్లకు పుస్తకాలు పక్కనపెట్టి ఇంటికి వెళ్తే ఎంతో కొంత ఊపిరి ఆడుతుంది. అమ్మ చేతి వంట తింటారు, పసిపిల్లలతో ఆడుకుంటారు. నీకు పుస్తకం ఎదురుగా లేనప్పుడు కూడా, ఫెయిలయ్యానని తెలియక ముందే, అక్క పాపను ఎత్తుకోవాలనిపించలేదు. చదువు అలసటతో పాటు డిప్రెషన్ కూడా ఉందేమోనని నా అనుమానం. ఉత్తరం చూసి తేల్చే విషయం కాదు కాబట్టే డాక్టర్ నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు కూడా చేయించమని అడుగు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా ఇదే నీరసం, ఇదే మతిమరుపు ఉంటాయి. హాస్టల్ తిండి తినే ఆడపిల్లల్లో రక్తహీనత నేను తరచూ చూస్తుంటాను.

మందులంటే మత్తుగా పడి ఉంటానేమో, చదవలేనేమో అని భయపడతావని తెలుసు. నీలాంటి పిల్లలు అందరూ మొదట అడిగేది అదే. పరీక్షకు చదువుతున్నానని డాక్టర్‌తో చెప్పు. మత్తు తక్కువగా ఉండే మందులున్నాయి, వాటిలోంచి చూసి ఇస్తారు. డిప్రెషన్ మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. జనవరి వద్దనడానికి ఇదొక కారణం.

ఇక నీ టైమ్‌టేబుల్. చాలాసేపు చూశాను. స్కేలు పెట్టి గీశావు, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు వేశావు. మధ్యాహ్నం భోజనానికి 20 నిమిషాలు. రాత్రి తొమ్మిదికి కాఫీ. నిద్రకు నాలుగు గంటలు. ఆదివారం గడిలో ఎర్ర ఇంకుతో ఒకే ఒక్క మాట, బ్యాక్‌లాగ్. బద్ధకస్తురాలు ఇలాంటి టైమ్‌టేబుల్ గీయదు, నెలల తరబడి దాన్ని పాటించదు. ఆ మాట నీ గురించి ఇంకెప్పుడూ అనుకోకు.

పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. నాలుగు గంటలు పడుకుని పదిహేను గంటలు చదివితే, చదివిన దాంట్లో చాలా భాగం నిలవదు. నిలవలేదని భయమేసి మర్నాడు ఇంకో అరగంట నిద్ర తగ్గిస్తావు. మూడో స్టెప్పు గుర్తు రాకపోవడం ఇందువల్లే. లావాదేవీ ధర తేల్చడం అనే ఆ స్టెప్పు నీకు రాక కాదు, జూనియర్లకు చెప్పినదానివి! రాత్రి తొమ్మిది కాఫీ కూడా మానెయ్. ఐదారు గంటలు గడిచినా అందులో సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది, పన్నెండున్నరకు పడుకున్నా గాఢనిద్ర పట్టనివ్వదు.

ఎడతెగని పని ఒత్తిడితో మనిషి పూర్తిగా డస్సిపోవడాన్ని బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దానికి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తంతా అయిపోయినట్టుండటం, చేసే పని మీద విరక్తి, ఏం చేసినా ఫలితం లేదన్న భావన. ఉద్యోగాల ఒత్తిడికే దాన్ని పరిమితం చేసింది. నా దగ్గరికి వచ్చే సీఏ, గ్రూప్స్, మెడికల్ పీజీ పిల్లల్లో ఈ మూడూ రోజూ చూస్తున్నాను. ఉద్యోగికి జీతం ఉంటుంది, సెలవు ఉంటుంది, సాయంత్రమైతే ఇంటికి వెళ్తాడు. ఈ పిల్లలకు అవేవీ లేవు. సీఏ ఫైనల్ ఏడాదికి రెండుసార్లు ఉన్నప్పుడు మధ్యలో కాస్త తెరిపి దొరికేది. ఇప్పుడు జనవరి, మే, సెప్టెంబరు అని మూడుసార్లు పెట్టాక, ఒకదాని రిజల్ట్ వచ్చేసరికి ఇంకోటి నెత్తిమీద ఉంటోంది. ఏడవడానికి కూడా టైమ్ లేదు మేడమ్ అంది ఒకమ్మాయి.

అదే పద్ధతిలో నీకు కలిసొచ్చేదీ ఒకటుంది. ఒకటి వదిలేస్తే పోయేది నాలుగు నెలలే.

నీ మార్కులు మళ్లీ చూడు. ఫెయిల్ అని రాసి వదిలేశావు. ఏఎఫ్ఎంలో 61 వచ్చాయి కదా! 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ పేపరుకు తర్వాతి మూడు అటెంప్టులదాకా ఎగ్జెంప్షన్, అంటే మళ్లీ రాయక్కర్లేని మినహాయింపు, ఉంటుందని నాకన్నా నీకే బాగా తెలియాలి. అంటే జనవరి, మే, సెప్టెంబరు. జనవరి పోయినా ఇంకా రెండు ఉంటాయి. గ్రూపు పాసవడానికి 300కు 150 కావాలి, 61 నీ చేతిలో ఉన్నాయి. మిగతా రెండు పేపర్లలో కలిపి 89 రావాలి, ఒక్కోదాంట్లో 40 తగ్గకూడదు. మొన్న నీకు ఆ రెండింట్లో 82 వచ్చాయి. ఏడు మార్కులు తక్కువ. నాలుగు గంటల నిద్రతో, ఈ స్థితిలో రాసి తెచ్చుకున్న మార్కులవి. మొద్దుబారిన బుర్రకు ఇవి రావమ్మా.

కాబట్టి మేలో మొదటి గ్రూపు ఒక్కటే రాయి. రెండో గ్రూపు పుస్తకాలు హాస్టల్ నుంచి ఇంటికి తెచ్చి అటక మీద పెట్టెయ్. ముందు రెండు మూడు వారాలు పూర్తిగా సెలవు. వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. మొదటి నాలుగు రోజులు తప్పు చేస్తున్నట్టే ఉంటుంది, గుండె దడదడలాడుతుంది. ఆ రోజుల్లో నిద్రపో, సాయంత్రం కాలవగట్టు దాకా నడిచిరా. టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రా. ‘ఇప్పటికే మూడో రివిజన్’ అని అక్కడ పెట్టేవాళ్ల వల్ల నీకు టెన్షన్ తప్ప ఒరిగేది లేదు.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, డాక్టర్ సరేనన్నాక, రోజుకు ఐదారు గంటలు చాలు. మూడు విడతలు చెయ్. నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదు. చదివే పద్ధతి కూడా మార్చాలి. నీ టైమ్‌టేబుల్లో చదవడం, మళ్లీ చదవడం తప్ప రాయడం ఎక్కడా కనపడలేదు. పుస్తకం మూసి, గుర్తున్నంతవరకు కాగితం మీద పెట్టి, తర్వాత తెరిచి సరిచూసుకుంటే నాలుగుసార్లు చదివినదానికన్నా ఎక్కువ నిలుస్తుంది. ఆడిట్‌లాంటి పేపరుకు ఇది మరీ అవసరం. వారానికోసారి మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, అసలు పరీక్ష టైముకే, ఒక పాత పేపరు రాయి. ఆదివారం గడి ఖాళీగా వదిలెయ్.

నాన్నగారికి ఒక మాట. అయ్యా, మీరు రోజూ అడిగేది ప్రేమతోనే. మీ అమ్మాయి మాత్రం రోజూ మీకు అబద్ధం చెప్పాల్సి వచ్చి కుమిలిపోతోంది. ఇకనుంచి ఫోన్లో చదువు సంగతి అడగకండి. తిన్నావా, పడుకున్నావా అని అడగండి, కొట్లో జరిగిన కబుర్లు చెప్పండి. చుట్టాలెవరైనా ‘ఇంకా కాలేదా?’ అంటే మీరే జవాబు చెప్పి పంపెయ్యండి, ఆమె దాకా రానివ్వకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక పూట కొట్టు కట్టేసి పక్కన మీరు వెళ్లండి.

తల్లీ, జనవరికి కట్టిన ఫీజు పోతే పోనీ. డాక్టర్ ఏమన్నారో, రక్త పరీక్షల్లో ఏం తేలిందో నాకు మళ్లీ రాయి.