85 ఎంఎం అని రాసినా కాళ్లు ఎందుకు తెగిపోతున్నాయి?

‘ఫుల్ బాడీ, 85 ఎంఎం, ఎఫ్/1.8 అని రాసినా ఏఐ బొమ్మలో మనిషి నడుము దగ్గరే ఆగిపోతోంది, ఏం చేయాలి’ అని మీరు అడిగారు. (85 ఎంఎం అంటే లెన్సు ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే అంకె, ఎఫ్/1.8 అంటే వెనుక భాగాన్ని మసకబార్చేలా లెన్సును బాగా తెరిచే అంకె.) ఇదే చోట నేనూ చాలా రోజులు ఇరుక్కుపోయాను.

పర్లాకిమిడిలో మాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఫ్లెక్సీలు, శుభలేఖలు అటు తెలుగులోనూ ఇటు ఒడియాలోనూ వేస్తాం. ఇన్నేళ్లు కెమెరా పట్టినవాణ్ణి, లెన్సు అంకెలు చెబితే ఏఐ తలవంచుతుందనుకున్నాను. దానికి అసలు లెన్సే లేదు. కోట్ల ఫొటోలనూ వాటి పక్కన జనం రాసిన మాటలనూ జత చేసి చూసి నేర్చుకుంది, అంతే. 85 ఎంఎం లెన్సు మనం ఎక్కువగా వాడేది ముఖాలకే కదా! ఆ అంకె చూడగానే అది కూడా ముఖం వైపే పోతుంది.

పాతపట్నం నుంచి వచ్చిన ఒకాయన తన కూతురి శుభలేఖకు బొమ్మ కావాలన్నారు. ముక్కుపుడక కనబడాలి, కాళ్ల పట్టీలూ కనబడాలి. నేను ముక్కుపుడకకు రెండు వాక్యాలు, కాటుక కళ్లకు ఒక వాక్యం రాసి చివర ‘ఫుల్ బాడీ’ అని తగిలించాను. పదిసార్లు చేయిస్తే పదిసార్లూ పట్టీలు లేవు. ముక్కుపుడక అంత వివరంగా కనబడాలంటే ముఖం దగ్గరకు వెళ్లక తప్పదు. ఆ మాట నేనే చెప్పి, కాళ్లు రాలేదని దాన్ని తిట్టుకున్నాను. తర్వాత ముఖం వర్ణన మొత్తం తీసేశాను. ‘గడప మీద నిలబడిన పెళ్లికూతురు, పాదాల కింద ముగ్గు, తలపైన ఖాళీ గోడ’ అని మొదటి వాక్యంలోనే పెట్టి, చదరంగా ఉన్న ఫ్రేమును 2:3 నిలువుకు మార్చాను. రెండోసారికే పట్టీలతో సహా వచ్చింది. ముక్కుపుడక తర్వాత ఆ ఒక్క చోటే ఎంచుకుని దిద్దించుకున్నాను.

వెనుక మసకకూ ఇదే దారి. ఎఫ్/1.8 ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి ఊరుకుంటుంది. ‘చాలా దూరంలో దీపాల వరుస, గుండ్రటి వెలుగు మచ్చలుగా కరిగిపోయి’ అంటే మాత్రం దాదాపు ఎప్పుడూ వస్తుంది. మసక వద్దనుకుంటే ‘బ్లర్ లేకుండా’ అని రాయకండి, చాలా పరికరాలు ఆ ‘బ్లర్’నే పట్టుకుంటాయి. వద్దన్నవి రాసే పెట్టె విడిగా ఉంటే అక్కడ వేయండి. లేదంటే వెనుక గోడ మీది ఇటుకల సందులు కూడా స్పష్టంగా ఉన్నాయని రాయండి. మా ఊళ్లో పశువుల కొమ్ముతో చెక్కే బొమ్మల కోసం చేసినప్పుడు ‘మాక్రో’ (మరీ దగ్గరి నుంచి తీసే ఫొటో) అనగానే కొంగ బొమ్మ ముక్కు తప్ప మిగతాదంతా మసకైపోయేది. ‘ముక్కు నుంచి తోక దాకా గీతలన్నీ తేటగా’ అన్నాక కుదురుకుంది. (అమ్మే సరుకుకు మాత్రం అసలు ఫొటోనే పెట్టండి. కొమ్ము మెరుపు దానికి తెలియదు, చెక్కలా చేస్తుంది.)

యాంగిల్ సంగతి తేలిక. లో యాంగిల్ (కింది నుంచి), పై నుంచి, కంటి ఎత్తులో అనే మాటలు బాగానే అర్థం చేసుకుంటుంది.

అదే శుభలేఖకు వేసిన రెండో బొమ్మలో తిప్పలు పెట్టింది టెలిఫొటో, అంటే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే లెన్సు. కెమెరాతో అయితే మనిషికి దూరంగా నిలబడి 200 ఎంఎం వేస్తే వెనుక కొండ ఆమె భుజం మీదకు వచ్చినట్టుంటుంది. ఆ మాయ దూరానిది, లెన్సు చేసేది దూరం నుంచి కత్తిరించడమే. ఏఐకి 200 అని ఎంత మొత్తుకున్నా కొండ చిన్నదిగానే ఉంది. ‘వెనుక కొండ ఫ్రేము నిండా గోడలా లేచి, మనిషికి ఆనుకున్నట్టుగా’ అన్నాకే పెరిగింది.

శుభలేఖ చూసి ఆ పెద్దాయన చాలా సంతోషించారు. కొండ అంత దగ్గరగా కనిపించే చోటు మన ఊళ్లో ఎక్కడుందో చెబితే పెళ్లి ఫొటోలు అక్కడే తీయిద్దామన్నారు.