ట్రయల్‌కు చెల్క ఇచ్చే ముందు

బిడ్డా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి అదే ఆలోచన. ఫోన్‌లో చెప్తే నువ్వు మధ్యలో పాలు పొంగుతున్నాయని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ప్రాజెక్టు వాళ్లు మీ ఊరికొచ్చి, నేల బలం పెంచే పద్ధతులు, వాన ముఖం చాటేసినా పంట నిలబడే పద్ధతులు ట్రయల్ వేసి చూడటానికి నీ ఎర్ర మెట్ట చెల్కలో ఎకరం అడిగారన్నావు. దుబాయ్‌లో ఉన్న అల్లుడేమో 'మనకెందుకు ఆ తలనొప్పి' అన్నాడట. నన్నడిగితే ఇవ్వమనే అంటా. నేను రెండుసార్లు ఇచ్చా. ఒకసారి చెడగొట్టుకున్నా, ఒకసారి బాగుపడ్డా. చెడగొట్టుకున్నదే చెప్తా, నీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

పదిహేనేళ్ల కిందటి మాట. జనగామ రోడ్డు పక్కన ఉన్న ఎకరాన్ని వాళ్లు రెండు సగాలు చేశారు. ఒక సగంలో తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లి, పూతకొచ్చే ముందు కలియదున్ని, పత్తిలో కంది సాళ్లు వేయించారు. రెండో సగం నా ఎప్పటి సేద్యమే. ఆగస్టులో ఇరవై రోజులు చుక్క వాన లేదు. జనుము దున్నిన సగం ఎందుకో పాలిపోయినట్టు కనబడింది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ 'సారోళ్ల పత్తి ఇంతేనా' అనేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టయింది. చిన్న జల్లు పడ్డ మర్నాడు తెల్లారకముందే పోయి, ఆ సగంలో అర బస్తా యూరియా చల్లి వచ్చా. మీ అత్తకు కూడా చెప్పలేదు.

చివరికి ఆ సగమే ఎక్కువ దిగుబడి ఇచ్చింది. తూకం వేయడానికి వచ్చిన పిలగాడు సంబరపడి రాసుకుంటుంటే నాకు నోరు ఆగలేదు, చెప్పేశా. వాడు పెన్ను జేబులో పెట్టుకుని గెట్టు మీద కూర్చున్నాడు. చెంబెడు నీళ్లు తాగాడు. ఒక్క మాట అనలేదు, ఆ పేజీ మీద అడ్డంగా గీత గీశాడు. పోయింది వాడి పేజీ అనుకున్నా అప్పుడు. అసలు పోయింది నాదే. ఎక్కువ వచ్చింది జనుముతోనా, యూరియాతోనా? ఈ రోజుకూ నాకు తెలియదు. ఒక వానకాలమంతా కష్టపడి ఒక్క ప్రశ్నకు కూడా జవాబు సంపాదించుకోలేదు.

అందుకే బిడ్డా, ట్రయల్ సగాన్ని ముద్దు చెయ్యకు, పాత సగాన్ని చిన్నచూపు చూడకు. కలుపు ఒకే రోజు తీయించు, మందు కొడితే రెండింటికీ కొట్టు. వాళ్లు మార్చమన్నది ఒక్కటే మారాలి. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ అనే మెట్ట పంటల పరిశోధన కేంద్రానికి ఒకసారి బస్సులో తీసుకుపోయారు మమ్మల్ని. అక్కడ నల్లరేగడిలో 1976 నుంచి రెండు రకాల సేద్యం పక్కపక్కనే చేస్తున్నారు. ఎత్తు మడులు, కాలువలు చేసి జొన్నలో కంది వేసే పద్ధతి ఒకవైపు, పాతకాలపు పద్ధతి ఇంకోవైపు. మొదటిదాంట్లో హెక్టారుకు సగటున ఐదు టన్నుల గింజలు వస్తే, రెండోదాంట్లో టన్నుకు కాస్త పైన. మా బస్సులో వాళ్లంతా ఐదు టన్నుల వైపు చూస్తుంటే నేను ఆ పేద మడి వైపు చూశా. దాన్ని అన్నేళ్లు అట్లే ఉంచడానికి ఎంత ఓపిక కావాలి! అది లేకపోతే ఐదు టన్నులు ఎక్కువో తక్కువో ఎవరికి తెలిసేది? అయితే అది రేగడి. ఆ లెక్క మన ఎర్ర చెల్కకు అంటగట్టే వాళ్ల మాట వినకు.

ఇక ఏ చెల్క ఇవ్వాలి. బావి దగ్గరి మంచి మడి ఇవ్వకు, మూలనున్న రాళ్ల దిబ్బా ఇవ్వకు. నీ నాలుగెకరాల్లో ఎక్కువ భాగం ఎట్లా ఉందో అట్లాంటిదే ఇవ్వు. రెండు సగాలు వాలుకు పక్కపక్కన ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద పెడితే పైదాని నీళ్లూ మెత్తని మన్నూ కిందికి దిగుతాయి, కిందిది ఊరికే గెలుస్తుంది. వేపచెట్టు నీడ పడే చోటు వద్దు.

మట్టి నమూనా వాళ్లు తీసుకుపోతామంటారు. పోనీ, నువ్వు కూడా ఒకటి తీసి పెట్టుకో. ఎండాకాలమే, ఏ ఎరువూ వేయకముందే. ఒక్కో సగంలో ఎనిమిది, పది చోట్ల పైన చెత్త తీసేసి, పారతో ఆరు అంగుళాల లోతు గుంత తవ్వు. గుంత గోడను పైనుంచి కిందికి అంగుళం మందాన చెక్కితే వచ్చే మన్నే కావాలి మనకు. అంతా గుడ్డ మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని మిగతా పారెయ్. అరకిలో మిగిలేదాకా అట్లే చెయ్. నీడలో ఆరబెట్టి బట్ట సంచిలో కట్టు. మా వాడకట్టులో ఒకాయన ఖాళీ యూరియా బస్తాలో పోసుకుపోయి, 'నా నేలలో నత్రజని దండిగా ఉంది' అని ఏడాదంతా చెప్పుకు తిరిగాడు! ఎక్కడ పరీక్ష చేయించాలో జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రంలో అడుగు, చెప్తారు.

మట్టి పరీక్ష కార్డు వచ్చాక అందరూ భాస్వరం, పొటాష్ చూస్తారు. నువ్వు ముందు సేంద్రియ కర్బనం చూడు, అంటే ఆకూ అలమూ పెంటా కుళ్లి మన్నులో మిగిల్చే సారం. 0.5 శాతానికి తక్కువుంటే నేల ఆకలి మీద ఉన్నట్టు. మన చెల్కల్లో మామూలుగా అంతే ఉంటుంది. మన ఎండలకు వేసిన పెంట ఎరువు వేసినట్టే కరిగిపోతుంది, పశువులు కూడా తగ్గిపోయె. తర్వాత గంధకం, జింక్, బోరాన్ గళ్లు చూడు. మెట్ట నేలల్లో ఈ మూడూ తరచుగా తక్కువుంటాయి, మనం మాత్రం యూరియా మీద యూరియా వేస్తూ పోతాం.

కార్డు చెప్పనిది ఇంకొకటుంది. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో గెట్టు మీద గడ్డి వేళ్ల కింది ఎండు మట్టిపెళ్ల వెయ్, ఇంకోదాంట్లో పత్తి సాలు మధ్యనుంచి తీసిన పెళ్ల వెయ్. సాలులోది బుడగలొచ్చి నిమిషంలో పొడిపొడిగా విడిపోయి అడుగున బురదవుతుంది. గెట్టుది చాలాసేపు గడ్డలాగే ఉంటుంది. రెండూ ఒకే చెల్క మన్ను, మధ్యలో నాలుగడుగుల దూరం. గెట్టును దున్నలేదు, అక్కడ వేళ్లు ఎప్పుడూ ఉన్నాయి. విడిపోయే మన్ను మీద దెబ్బ వాన పడితే పైన పొర బిళ్లకడుతుంది, మొలక లేవదు, నీళ్లు లోపలికి దిగక వాగుకు పోతాయి. ఏటా ఎండాకాలం ఇదే పరీక్ష చెయ్. ట్రయల్ సగం పెళ్ల కాస్త ఎక్కువసేపు నిలిచిన రోజు నాకు ఫోన్ చెయ్.

ఏ పద్ధతి పెడతారో వాళ్లిష్టం, కానీ నీకు ఏం కావాలో నువ్వూ అడగవచ్చు. పత్తిలో కంది, నాలుగైదు సాళ్లకొక గొడ్డు సాలు, అంటే ఏమీ విత్తకుండా తీసే లోతు సాలు, ఈ రెండూ నేను వదిలిపెట్టను. గొడ్డు సాలులో పడ్డ నీళ్లు అక్కడే ఇంకుతాయి, దండిగా పడితే ఆ దారినే బయటికి పోతాయి. పత్తి కట్టెకు అగ్గి పెట్టకు. ముక్కలు చేసే మిషన్ దొరికితే ముక్కలు చేసి దున్నించు. లేకపోతే గాలి తగలకుండా డ్రమ్ములో కాల్చి బొగ్గు చేసే పద్ధతి ఉంది, హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని మెట్ట సేద్య పరిశోధన సంస్థ క్రీడా (CRIDA) వాళ్లు దాని మీద చాలా పని చేశారు. ఆ బొగ్గును ఉత్తగా చల్లకు, పెంటలో కలిపి కొన్నాళ్లు మాగనిచ్చి వెయ్. ఏదైనా సరే, కట్టె మాత్రం వచ్చే పంట దాకా చేను గట్టున కుప్ప పెట్టకు, గులాబీ రంగు పురుగుకు అదే పుట్టిల్లు.

చెరువు మట్టి మాట నువ్వే ఎత్తావు. మిషన్ కాకతీయ కింద మా చెరువు పూడిక తీసినప్పుడు నేనూ తోలించా. మంచిదే, ఇసుక చెల్కకు జిగురు వస్తుంది, నేలలో తడి నాలుగు రోజులు ఎక్కువ ఆగుతుంది. కానీ ఆశకు పోయి ఒక మూల మందంగా పోయించా. ఆ వానకాలం అక్కడ నీళ్లు నిలిచి కలుపు తీసే గుంటక దిగలేదు, మొక్కలు ఎర్రబడ్డాయి. పలుచగా, చేనంతా సమానంగా పరచాలి. చౌడు తేలిన చెరువు మట్టి ముట్టుకోకు. అసలు ఖర్చు మట్టికి కాదు, ట్రాక్టర్ కిరాయికి అవుతుంది. అది ఎవరు భరిస్తారో ముందే తేల్చుకో.

తేల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. ఎన్నేళ్లు? ఒక్క ఏడాదే అంటే వద్దను, నేల ఏడాదిలో మారదు. ట్రయల్ సగంలో నష్టం వస్తే ఎవరిది? నీ చేను లెక్కలు నీకు ఇస్తారా? కాగితం మీద సంతకం అడిగితే తెలుగులో చదివి వినిపించమను. మొహమాటపడకు.

నోటుబుక్కు నీదీ ఒకటి ఉండాలి. ఏ పనికి ఎంత మంది కూలీలు, ఎన్ని రూపాయలు, సగాల వారీగా రాయి. దిగుబడి పెరిగి కలుపు కూలీ అంతకంటే పెరిగితే మనకేం మిగిలినట్టు? పత్తి ఏరే రోజు రెండు సగాల బస్తాలకు రెండు రంగుల గుడ్డపేలికలు కట్టు, లేకపోతే సాయంత్రానికి అన్నీ కలిసిపోతాయి. వాన కొలవడానికి మూతీ అడుగూ ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి చాలు, ఆరుబయట పెట్టి పొద్దున్నే స్కేలుతో చూడు. డబ్బాలో సెంటీమీటరు నీళ్లుంటే నీ ఎకరం మీద సుమారు 40 వేల లీటర్లు పడ్డట్టు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. వాన ఆగిన పది, పన్నెండో రోజు మధ్యాహ్నం మూడింటికి చేనుకు పో. ఏ సగంలో ఆకు ముందు వాలింది, ఏ సగంలో గూడ (పూమొగ్గ) రాలుతోంది, రాసుకో. వానలు బాగా పడ్డ ఏడు రెండు సగాలూ ఒక్కలాగే కనబడొచ్చు, అప్పుడు దిగులు పడకు.

క్షేత్ర దినోత్సవమని టెంటు వేసి, నీ ఫొటోతో ఫ్లెక్సీ కడతారు. చీర మంచిది కట్టుకో. మైకు ఇస్తే ఎక్కువ వచ్చింది ఎక్కువనీ, రాలేదంటే రాలేదనీ చెప్పు. పెద్దసార్లు ముఖం ముడుచుకుంటే ముడుచుకోనీ.

మృగశిరకు ముందే ఒకసారి వస్తా, చెల్క రెండు సగాలు చేసేటప్పుడు నేనూ ఉంటా. గాజు గ్లాసులు రెండు కడిగి పెట్టు, స్టీలువి వద్దు, వాటిలో ఏమీ కనబడదు.

మీ మామ